బండి లాగడం లేదా? రోటరీ ఇంజిన్‌లో టైమింగ్ జోలికి చివర్లోనే వెళ్లాలి

అంబాసిడర్ల కాలంలో మన ఊళ్లలో మెకానిక్‌లు టైమింగ్‌ని, అంటే ప్లగ్గు ఏ క్షణాన వెలగాలన్నదాన్ని, చెవితో పెట్టేవాళ్లు. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆడుతుండగానే, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, చేత్తో కొంచెం అటూ ఇటూ తిప్పి, శబ్దం నున్నగా వినిపించిన చోట బిగించేసేవాళ్లు. తర్వాత ఒక రౌండు వేసొచ్చి, ఎత్తెక్కేటప్పుడు నాకింగ్ (ఇంజిన్ లోపల టకటక కొట్టుకునే శబ్దం) వస్తే ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిపేవాళ్లు. ఆ ఇంజిన్లకు ఆ విద్య సరిపోయేది. బండి లాగడం లేదంటే మనలో చాలామందికి ముందు టైమింగే గుర్తొచ్చేది అందుకే.

అమెరికాలోని ఆస్టిన్‌లో ఉండే నా మిత్రుడికి కూడా అదే గుర్తొచ్చింది. అతని దగ్గర 1983 మోడల్ మాజ్దా ఆర్ఎక్స్-7 ఉంది. 12ఏ అనే రెండు రోటర్ల రోటరీ ఇంజిన్, కార్బురేటర్ బండి. ఊరికి పడమటి వైపున్న గుట్టలెక్కేటప్పుడు పావుగంట బాగానే వెళ్లి, ఆ తర్వాత ఊపిరి ఆడనట్టు అయిపోయేది. డిస్ట్రిబ్యూటర్‌ని కాస్త ముందుకు తిప్పాడు, అంటే ప్లగ్గు ఇంకాస్త ముందే వెలిగేలా అడ్వాన్స్ చేశాడు. ఐడిల్ పెరిగింది, బండి చురుగ్గా మారినట్టు అనిపించింది. రెండు రోజులకు మళ్లీ అదే కథ. "అన్నా, ఇంకొంచెం అడ్వాన్స్ చేయనా?" అని ఫోన్ చేశాడు. వద్దని గట్టిగా చెప్పి శనివారం బయల్దేరి వెళ్లాను. అంత గట్టిగా ఎందుకు వద్దన్నానో అర్థం కావాలంటే ఆ ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

పిస్టన్ ఇంజిన్‌లో దహనం ఒకే చోట, సిలిండర్ తల దగ్గర జరుగుతుంది. రోటరీలో అలా కాదు. నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే గుండ్రటి గదిలో, మూడు మూలల రోటర్ ఒకటి తిరుగుతూ ఉంటుంది. రోటర్ మూడు ముఖాలకూ గది గోడకూ మధ్య మూడు ఖాళీలు ఏర్పడతాయి. ఒకదాంట్లోకి గాలీ పెట్రోలూ వస్తుంటే, ఇంకోదాంట్లో అది నొక్కుకుపోతూ ఉంటుంది, మూడోదాంట్లో మండి బయటికి పోతూ ఉంటుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్యలో ఉన్న ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. పిస్టన్ బండిలో క్రాంక్ షాఫ్ట్ ఎంతో ఇక్కడ ఈ షాఫ్ట్ అంత. అంటే షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒక్కో రోటర్ ఒకసారి పేలుతుంది. ఫోర్ స్ట్రోక్ పిస్టన్‌కి అదే పని చేయడానికి రెండు చుట్లు కావాలి. 1,146 సీసీల చిన్న ఇంజిన్ అమెరికా మార్కెట్లో 100 హార్స్‌పవర్ దాకా ఇవ్వగలిగింది ఇందువల్లే.

ఈ ఇంజిన్ ఆలోచన జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్‌ది. ఎన్ఎస్‌యూ కంపెనీలో మొదటి నమూనా 1957లో తిరిగింది. 1961లో హిరోషిమా కంపెనీ మాజ్దా లైసెన్సు తీసుకుంది. కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు దాని మీద కూర్చున్నారు. వాళ్లకు ఎదురైన పెద్ద చిక్కు రోటర్ మూలల్లో ఉండే సన్నటి పట్టీలతో వచ్చింది. వాటినే ఏపెక్స్ సీల్స్ అంటారు. పిస్టన్‌కి రింగులెలాగో రోటర్‌కి ఇవి అలాగ. తొలి నమూనాల్లో ఈ పట్టీలు అదిరిపోతూ గది గోడ మీద అలల్లాంటి గీతలు గీసేవి. జపాన్ ఇంజినీర్లు వాటిని దెయ్యం గోళ్ల గాట్లు అనేవాళ్లు. ఆ గాట్లు పోగొట్టాకే 1967లో కాస్మో స్పోర్ట్ రోడ్డు మీదికొచ్చింది. అప్పటికీ ఇప్పటికీ రోటరీ ఇంజిన్ ప్రాణం ఆ పట్టీల్లోనే ఉంది. టైమింగ్ తప్పితే ముందు దెబ్బ తగిలేది వాటికే.

ఇప్పుడు అసలు విషయం. మంట పుట్టే గది పొడుగ్గా, పల్చగా ఉంటుంది. పైగా అది ఒక చోట నిలబడదు, మండుతూనే గోడ వెంట జరిగిపోతూ ఉంటుంది. ఒక చివర వెలిగించిన మంట రెండో చివరకు చేరేలోపు సమయం మించిపోతుంది. అందుకే ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు పెట్టారు. కిందుండేది లీడింగ్, పైనుండేది ట్రెయిలింగ్. పనిలో ఎక్కువ భాగం లీడింగ్‌దే. వెనక భాగంలో మిగిలిపోయే మిశ్రమాన్ని కొంత ఆలస్యంగా అంటించేది ట్రెయిలింగ్. ఏపెక్స్ సీల్ ప్లగ్గు రంధ్రం మీదుగా వెళ్లినప్పుడు పక్క గదిలోకి గ్యాసు లీకవకుండా ట్రెయిలింగ్ రంధ్రాన్ని బాగా చిన్నగా చేశారు. కాస్మోలో ఈ రెండు వరసలకూ రెండు డిస్ట్రిబ్యూటర్లు ఉండేవి. మా మిత్రుడి 12ఏ వచ్చేనాటికి ఒకే డిస్ట్రిబ్యూటర్ రెండు పనులూ చేస్తోంది. కానీ ప్లగ్గుకి హై వోల్టేజి ఇచ్చే కాయిల్స్ రెండు, ఆ కాయిల్స్‌ని నడిపే ఎలక్ట్రానిక్ స్విచ్చులు (ఇగ్నైటర్లు) రెండు, ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ని జరిపే వ్యాక్యూమ్ యూనిట్లు రెండు. ఒకే ఒంట్లో రెండు ఇగ్నిషన్ వ్యవస్థలు ఉన్నాయన్నమాట.

అనుమానాలన్నీ ఇక్కడే పుడతాయి. ట్రెయిలింగ్ పూర్తిగా చచ్చిపోయినా ఇంజిన్ నడుస్తుంది. పవర్ కొద్దిగా తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సైలెన్సర్ వేడెక్కుతుంది. డ్రైవరుకి పెద్దగా తెలియదు. లీడింగ్ పోతే మాత్రం బండి ఈడ్చుకుంటూ పోతుంది, ఒక్కోసారి ఐడిల్‌లో ఆగిపోతుంది. ఇక లీడింగ్ చావకుండా, వేడెక్కినప్పుడు మాత్రమే తడబడుతుంటే ఆ లక్షణాలు అచ్చం టైమింగ్ తప్పినట్టే ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే కొంచెం సర్దుకున్నట్టూ అనిపిస్తుంది. కానీ జబ్బు అక్కడ లేదు.

నా అనుభవంలో, బోల్టు గట్టిగా ఉన్న డిస్ట్రిబ్యూటర్ దానంతటది తిరిగిపోదు. నిన్నటిదాకా లాగిన బండి ఇవాళ లాగకపోతే టైమింగ్‌ని అనుమానించడానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటిది కంప్రెషన్, అంటే లోపల మిశ్రమం ఎంత గట్టిగా నొక్కుకుంటోందన్నది. దీంతోనే మొదలుపెట్టాలని పట్టుబడతాను, ఎందుకంటే ఇది బాగాలేకపోతే మిగతా పనంతా వృథా. మామూలు పిస్టన్ గేజిని అలాగే బిగిస్తే ఉపయోగం లేదు. ఒక రోటర్‌లో మూడు గదులుంటాయి, గేజి లోపలి వాల్వు మూడింట్లో పెద్ద అంకెను పట్టుకుని కూర్చుంటుంది. బలహీనమైన గది దాని వెనక దాక్కుంటుంది. రోటరీకి ప్రత్యేక టెస్టరు ఉంది, అది మూడు గదుల అంకెల్నీ విడివిడిగా చూపిస్తుంది. అది దొరక్కపోతే మామూలు గేజి లోంచి వాల్వు పిన్ను తీసేసి సూది ఎగరడం చూడాలి. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇగ్నిషన్ కనెక్షన్లు తీసేయాలి, పెట్రోలు పంపు ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సూది మూడుసార్లు ఒకే ఎత్తున ఎగిరితే మంచిది. పాత 12ఏకి, దానికంటే పెద్దదైన 13బీకి సెల్ఫ్ మీద 250 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 85 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 6 కిలోలు కనీసం ఉండాలి. గదికీ గదికీ తేడా 21 పీఎస్‌ఐ దాటకూడదు. సెల్ఫ్ నీరసంగా తిరిగితే అంకెలు పడిపోతాయి. సముద్ర మట్టానికి ఎత్తున్న ఊళ్లలో కూడా తక్కువ చూపిస్తాయి. అది చూసి ఇంజిన్ పోయిందని కంగారు పడకూడదు.

అంకెల కంటే వాటి వరస ఎక్కువ చెబుతుంది. ఒక్కో ఏపెక్స్ సీల్ రెండు గదుల మధ్య గోడలా నిలబడుతుంది. కాబట్టి ఒక రోటర్‌లో రెండు గదులు పడిపోయి మూడోది బాగుంటే, ఆ రెండింటి మధ్యనున్న ఏపెక్స్ సీల్ మీద అనుమానం రావాలి. ఒక్క గది మాత్రమే పడిపోతే రోటర్ పక్కవైపులకు ఉండే సైడ్ సీల్ వైపు చూడాలి. మూడూ సమానంగా తక్కువుంటే అరుగుదల, లేదా పెట్రోలు ఎక్కువై నూనె పొర కడిగేసుకుపోవడం. ఫ్లడ్డింగ్ అనేది రోటరీ వాళ్లందరికీ పరిచయమే. చలిలో బండిని స్టార్ట్ చేసి నాలుగడుగులు జరిపి ఆపేస్తే మరుసటి రోజు తగులుకుంటుంది. అప్పుడు ప్లగ్గులు తీసి, పంపు ఆపి, సెల్ఫ్ కొట్టి పెట్రోలు బయటికి ఊదేయాలి. కొద్దిగా ఇంజిన్ ఆయిల్ లోపల పోస్తే సీల్స్ మళ్లీ పట్టుకుంటాయి. గేజి లేనివాళ్లు కింది ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టి వినొచ్చు. ఆరోగ్యంగా ఉన్న రోటర్ బుస్ బుస్ బుస్ అని సమానంగా ఊదుతుంది. దెబ్బతిన్నది మధ్యలో తడబడుతుంది. చెవిని నమ్మగలిగిన చోటు ఇదొక్కటే. మా మిత్రుడి బండిలో ముందు రోటర్ మూడు గదులూ 100 దగ్గర, వెనకది 95 దగ్గర ఎగిరాయి. ఆ సూది చూశాక అతని టెన్షన్ సగం తగ్గింది.

పెట్రోలు సంగతి తొందరగానే తేలిపోతుంది. ఈ కార్బురేటర్‌కి నాలుగు నోళ్లుంటాయి. మామూలుగా తోలేటప్పుడు రెండే పనిచేస్తాయి, గట్టిగా తొక్కితే మిగతా రెండూ వ్యాక్యూమ్‌తో తెరుచుకుంటాయి. వాటిని తెరిచే రబ్బరు పొర చిరిగితే కింది ఆర్‌పీఎంలో ఏ లోపమూ కనపడదు, పైకి వెళ్లేకొద్దీ బండి చప్పబడిపోతుంది. ఫిల్టరు మూసుకుపోయినా, వెనకున్న పంపు నీరసించినా అదే తీరు. మా కేసులో పావుగంట తర్వాతే సమస్య వస్తోంది, వేడితోనే వస్తోంది. కాబట్టి కార్బురేటర్ మీద ఎక్కువసేపు కూర్చోలేదు.

పొగగొట్టం వైపు కూడా ఒక చూపు వేయాలి. రోటరీ పొగ పిస్టన్ ఇంజిన్ పొగ కంటే బాగా వేడిగా ఉంటుంది. ప్లగ్గులు సరిగ్గా వెలగకపోతే మండని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది కరిగి మూసుకుపోతుంది. అప్పుడు బండికి గొంతు నొక్కినట్టు అవుతుంది, ఎంత తొక్కినా ఆర్‌పీఎం ఎక్కదు. దీన్ని చూసి కన్వర్టర్ మార్చి, ఇగ్నిషన్‌ని అలాగే వదిలేస్తే కొత్తది కూడా కొన్నాళ్లకు పోతుంది. 2003 నుంచి వచ్చిన మాజ్దా రోటరీ కారు ఆర్ఎక్స్-8లో ఎక్కువగా జరిగేది ఇదే. కాయిల్స్ మెల్లగా నీరసిస్తాయి, యజమాని గమనించడు, చివరికి కన్వర్టర్ బలి అవుతుంది. ఇలాంటి బండిని ఎండుగడ్డి మీద పార్క్ చేయకండి. కింద ఎర్రగా కాలి ఉన్న లోహం గడ్డికి నిప్పంటించగలదు.

ఇక స్పార్క్. పని మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ప్లగ్గు వైరులో కరెంటు పారినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు టైమింగ్ చూడటానికే కాదు, స్పార్క్ పడుతోందా లేదా చెప్పడానికి కూడా పనికొస్తుంది. గుట్టల మీద ఇరవై నిమిషాలు తిప్పి, బండి నీరసించగానే షెడ్డులోకి తెచ్చాం. లైటు పట్టీని ముందు రోటర్ ట్రెయిలింగ్ వైరుకు, అంటే టీ1కి తగిలించి, 3,000 దాకా రేజ్ చేయమన్నాను. తెంపు లేకుండా వెలిగింది. అదే పట్టీని లీడింగ్ వైరు ఎల్1కి మార్చాను. ఐడిల్‌లో బాగానే ఉంది. రేజ్ చేయగానే వెలుగు తెగింది, వచ్చింది, మళ్లీ తెగింది. చీకటి పడుతున్న షెడ్డులో పుల్లీ మీద ఆ వెలుగు తెగిపోవడం కళ్లారా కనిపించింది. వెనక రోటర్ లీడింగ్ వైరు ఎల్2 దగ్గరా అంతే. రెండు రోటర్లలోనూ లీడింగే తడబడుతోందంటే ప్లగ్గుల తప్పు కాదు, వైర్ల తప్పూ కాదు. ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కాయిల్ గానీ ఇగ్నైటర్ గానీ అయ్యుండాలి.

ఆ ఏడాది బండ్లలో ఇగ్నైటర్లు రెండూ డిస్ట్రిబ్యూటర్ పక్కనే అంటించినట్టు ఉంటాయి, రెండూ ఒకటే రకం. కాబట్టి కొత్తది కొనకుండానే తేల్చుకోవచ్చు. ఇంజిన్ ఆపి, లీడింగ్‌ది ట్రెయిలింగ్ చోట, ట్రెయిలింగ్‌ది లీడింగ్ చోట పెట్టాం. మళ్లీ ఇరవై నిమిషాలు తిప్పాం. బండి గుట్ట ఎక్కేసింది! లైటు పెడితే ఇప్పుడు ట్రెయిలింగ్ వెలుగు తెగుతోంది. లోపం ఇగ్నైటర్‌తో పాటే చోటు మారిందంటే ఇక సందేహం అక్కర్లేదు. దాన్ని విప్పి చూస్తే వెనక వైపు వేడిని లాగేసే గ్రీజు ఎప్పుడో ఎండిపోయి బూడిదలా రాలింది. కొత్తది బిగించేటప్పుడు ఆ గ్రీజు పల్చగా పూయడం మరవకూడదు.

ఇప్పుడు, ఇంత అయ్యాకే, టైమింగ్. మిత్రుడు ముందుకు తిప్పిన డిస్ట్రిబ్యూటర్‌ని మళ్లీ దాని చోటికి తేవాలి కదా. ఇక్కడ చెవి ఎందుకు మోసం చేస్తుందో చెప్పాలి. అడ్వాన్స్ పెంచితే రోటరీ ఐడిల్ పెరుగుతుంది, శబ్దం హాయిగా ఉంటుంది. కంపెనీ పెట్టిన టైమింగ్ ఐడిల్‌లో వినడానికి అంత బాగుండదు, ఎందుకంటే అది చాలా ఆలస్యంగా ఉంటుంది. ఈ 12ఏలో లీడింగ్ సరిగ్గా టీడీసీ దగ్గర, అంటే మిశ్రమం పూర్తిగా నొక్కుకున్న చోట, ట్రెయిలింగ్ టీడీసీ దాటి 20 డిగ్రీల తర్వాత వెలగాలి. పిస్టన్ ఇంజిన్ అలవాటున్నవాళ్లకు ఇది తప్పులా కనిపిస్తుంది. తప్పు కాదు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు తామే అడ్వాన్స్‌ని పెంచుకుంటాయి. ఐడిల్‌లో మనం అదనంగా పెట్టిన ప్రతి డిగ్రీ పైన ఆ అడ్వాన్స్‌కి కలుస్తుంది. అప్పుడు లోపల మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది, ఏపెక్స్ సీల్ పగులుతుంది. రోటరీలో ఆ నాకింగ్ పిస్టన్ ఇంజిన్‌లో లాగా బయటికి స్పష్టంగా వినపడదు కూడా. టర్బో లేని 12ఏ కొంత ఓర్చుకుంటుంది. టర్బో 13బీకి అంత ఓపిక లేదు, ఒక్క గట్టి దెబ్బకే సీల్ పోవచ్చు. ట్రెయిలింగ్‌ని లీడింగ్‌కి మరీ దగ్గరగా జరిపినా ప్రమాదమే. ఆ రెండింటి మధ్య ఎడం ఉండాలనే రెండు వేర్వేరు అంకెలు ఇచ్చారు.

పుల్లీ మీద రెండు గుర్తులుంటాయి. పసుపుది లీడింగ్‌కి, ఎర్రది ట్రెయిలింగ్‌కి. ముందు కవరుకి ఒక పిన్ను ఉంటుంది, గుర్తు దానికి ఎదురుగా రావాలి. నలభై ఏళ్ల బండి కదా, రంగులు చెరిగిపోయుంటాయి. ఇంజిన్ ఆపి, ముందు బోల్టుకి 19 మిల్లీమీటర్ల సాకెట్ వేసి షాఫ్ట్‌ని తిరిగే దిశలోనే తిప్పి, గుర్తుల్ని గుడ్డతో తుడిచి కొత్త రంగు పూసుకుంటే తర్వాత కళ్లకు శ్రమ ఉండదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, ఐడిల్ 750 దగ్గర ఉండాలి, ఏసీ, లైట్లు ఆపేయాలి. వ్యాక్యూమ్ గొట్టాలు తీసి మూయాలా వద్దా అన్నది ఏడాదిని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. బానెట్ కింది స్టిక్కర్ మీద ఏముంటే అదే చేయాలి.

లైటు పట్టీ ఎల్1కి. మా మిత్రుడి బండిలో పసుపు గుర్తు ఇంకా పిన్ను దగ్గరికి రాకముందే లైటు వెలుగుతోంది. రెండు గుర్తుల మధ్య దూరం 20 డిగ్రీలు, అందులో మూడోవంతు ఎడం కనిపించింది. అంటే ఏడు డిగ్రీల దాకా ముందుకు తిప్పేశాడు. డిస్ట్రిబ్యూటర్ కింది నట్టు వదులు చేసి కొద్దికొద్దిగా జరిపి పసుపు గుర్తుని పిన్ను ఎదురుగా తెచ్చాం. వరస ముఖ్యం. డిస్ట్రిబ్యూటర్ తిరిగితే లీడింగ్, ట్రెయిలింగ్ రెండూ కలిసి కదులుతాయి, కాబట్టి లీడింగ్ ముందు తేలాలి. ఆ తర్వాత పట్టీ టీ1కి మార్చి ఎర్ర గుర్తు చూడాలి. అది తప్పితే ఇక డిస్ట్రిబ్యూటర్‌ని ముట్టుకోకూడదు. ట్రెయిలింగ్ వ్యాక్యూమ్ యూనిట్ స్క్రూలు వదులు చేసి దాన్ని లోపలికో బయటికో జరపాలి, ట్రెయిలింగ్ ఒక్కటే కదులుతుంది. చివరగా మెల్లగా రేజ్ చేసి గుర్తులు నెమ్మదిగా ఒకే వైపు జరుగుతున్నాయో లేదో చూడాలి. గెంతులేస్తుంటే డిస్ట్రిబ్యూటర్ బుష్షులు అరిగినట్టు, అసలు కదలకపోతే లోపలి బరువులు తుప్పుతో పట్టేసినట్టు.

మిగతా మోడళ్ల వాళ్లకు కొన్ని మాటలు. 1986 నుంచి అమెరికాకు వచ్చిన రెండో తరం ఆర్ఎక్స్-7లో డిస్ట్రిబ్యూటర్ లేదు. షాఫ్ట్ ఏ కోణంలో ఉందో చెప్పే క్రాంక్ యాంగిల్ సెన్సర్‌ని తిప్పి టైమింగ్ సరిచేస్తారు. పసుపు గుర్తు టీడీసీ తర్వాత 5 డిగ్రీలు, ఎర్రది 20. లీడింగ్ వైర్లు రెండూ తారుమారైనా ఆ బండికి ఏమీ కాదు, ఎందుకంటే రెండు లీడింగ్ ప్లగ్గులూ ఒకేసారి వెలుగుతాయి. ట్రెయిలింగ్ వైర్లు తారుమారైతే మాత్రం పవర్ పోతుంది, ప్లగ్గులు మార్చాక బండి లాగడం లేదంటే ముందు వాటిని చూడండి. 3,800 ఆర్‌పీఎం దగ్గర తడబడితే అది రెండో జత ఇంజెక్టర్లు అందుకునే చోటు, వాటి వైరింగ్, ఎర్త్ కనెక్షన్లు చూడాలి. టర్బో లేని, గాలి లోపలికొచ్చే దారులు (పోర్టులు) ఆరున్న ఇంజిన్‌లో అదనపు పోర్టుల స్లీవులు మసితో పట్టేస్తే పై ఆర్‌పీఎంలో చప్పబడుతుంది. మూడో తరం రెండు టర్బోల బండిలో పవర్ తగ్గితే సాధారణంగా వ్యాక్యూమ్ గొట్టాల చిక్కుముడిలోనే కారణం ఉంటుంది. ఆర్ఎక్స్-8లో టైమింగ్‌ని చేత్తో మార్చే వీలే లేదు, కంప్యూటరే చూసుకుంటుంది.

మా శనివారం పని చీకటి పడ్డాక ముగిసింది. నట్టు బిగించి పట్టీ తీయబోతుంటే మిత్రుడు ఆగమని, ఇంకోసారి లైటు కొట్టాడు. బిగింపులో డిస్ట్రిబ్యూటర్ ఒక రవ్వ తిరిగింది, పసుపు గుర్తు పిన్నుని తప్పింది. ఏమీ మాట్లాడకుండా స్పానర్ అందుకుని నట్టు మళ్లీ వదులు చేశాడు.